మూడు పేజీల రెజ్యూమె, పద్దెనిమిది మెయిళ్లు, ఒక్క జవాబూ లేదు

వేరుశనగ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. చెన్నైలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో ఇక్కడి అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఎక్కడైనా ఆరు వారాల ఇంటర్న్‌షిప్ చేయాలని ఉంది. పద్దెనిమిది చోట్లకు రెజ్యూమె పంపాను. ఒక్కరూ బదులివ్వలేదు.

కాలేజీ ఇచ్చిన నమూనా ప్రకారం రాస్తే మూడు పేజీలు అయింది. మొదట లక్ష్యం (సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి... అలా సాగుతుంది). తర్వాత నాకు వచ్చిన సాఫ్ట్‌వేర్లంటూ ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, యాన్సిస్, మ్యాట్‌ల్యాబ్, పైథాన్. చివర నాన్న పేరు, పుట్టిన తేదీ, పై వివరాలన్నీ నిజమని సంతకం. నిజం చెప్పాలంటే యాన్సిస్‌ను ఒక్కరోజు వర్క్‌షాపులో చూశానంతే.

నలుగురం కలిసి వేరుశనగ కాయలు ఒలిచే యంత్రం చేశాం. దాని గురించి ‘95 శాతం సామర్థ్యం’ అని రాశాను. సీజీపీఏ 6.8. థర్మోడైనమిక్స్ ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసయ్యాను. ఇవి చెప్పాలా, దాచాలా?

తెనాలి అక్క:
తమ్ముడూ, నేను అంబత్తూరులోనే ఒక మెషినింగ్ యూనిట్‌లో తొమ్మిదేళ్లుగా డిజైన్ పని చూస్తున్నాను. ఏటా ఏప్రిల్‌లో రెజ్యూమెల కట్ట నా బల్లమీదికే వస్తుంది. టీ చల్లారేలోగా ఇరవై తిరగేస్తాను. మూడో పేజీలో ఎవరు ఏం రాస్తారో నాకు ఇంతవరకు తెలియదు.

లక్ష్యం తీసేయి. నాన్నగారి పేరు, సంతకం కూడా తీసేయి, మేం పెళ్లి సంబంధం చూడటం లేదు. యాన్సిస్ తప్పకుండా తీసేయి. పోయిన ఏడాది ఒక అబ్బాయి అలాగే రాశాడు. మెష్ (లెక్క కోసం భాగాన్ని చిన్న గడులుగా విడగొట్టే వల) ఇంకా సన్నగా వేస్తే స్ట్రెస్ విలువ మారిందా అని అడిగాను. పాపం, ఆ తర్వాత తనకు బాగా వచ్చిన ఆటోక్యాడ్ గురించి అడిగినా నోరు పెగల్లేదు.

ఇక వేరుశనగ యంత్రం. నువ్వు చెప్పినవాటిలో నేను ఆగి చదివేది అదొక్కటే, దాన్నే ఒక్క ముక్కలో తేల్చేశావు. 95 శాతం దేనికి? వేసిన కాయల్లో అంత ఒలిచిందా, వచ్చిన గింజల్లో అంత పగలకుండా ఉందా? డ్రమ్ముకూ జల్లెడకూ మధ్య సందు తగ్గిస్తే కాయలన్నీ ఒలుస్తాయి, గింజలు బద్దలవుతాయి. సందు పెంచితే గింజ బాగుంటుంది, కొన్ని కాయలు ఒలవకుండానే బయటపడతాయి. పది కిలోల కాయకు ఏడు కిలోల గింజ అటూ ఇటుగా వస్తుందని మీ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. నువ్వు ఎంత తూచావో, ఎంత పగిలిందో రాయి. నలుగురిలో నీ వంతు ఏమిటో రాయి. ‘మేం చేశాం’ అంటే నేను నలుగురికీ బల్ల వేయలేను కదా!

ఏదైనా చెడిపోయిందా? అదీ చెప్పు.

వేరుశనగ కుర్రాడు:
షాఫ్టు డ్రాయింగు నాదే అక్కా. 6204 నంబరు బేరింగు, లోపలి వ్యాసం 20 మి.మీ. డ్రాయింగులో 20 అని మాత్రమే వేశాను, టాలరెన్సు (కొలత ఎంతవరకు అటూ ఇటూ కావచ్చో) ఇవ్వలేదు. లేత్ మీద 19.9కి తీశారు. బేరింగు రింగులో షాఫ్టు జారి తిరిగింది. రెండో షాఫ్టు ఖర్చు నా జేబులోంచే పోయింది. ఇది రాస్తే నవ్వరా?

తెనాలి అక్క:
నవ్వుతాం, ఆ తర్వాత ఫోన్ చేస్తాం. ఆ బేరింగుకు షాఫ్టు కె6 (బేరింగు బిగుతుగా కూర్చునేలా ఇచ్చే టాలరెన్సు కోడు) ఇచ్చి ఉంటే 20.002 నుంచి 20.015 మి.మీ. లోపు రావాలి. ఇది పుస్తకంలో చదివినవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బు కట్టి నేర్చుకున్నవాడివి నువ్వు. ‘షాఫ్టు డ్రాయింగు నాది, టాలరెన్సు ఇవ్వనందున బేరింగు వదులైంది, కె6 ఇచ్చి రెండోది చేయించాను’ అని రాయి, చాలు.

ఓఎంఆర్ బాటసారి:
పెద్ద కంపెనీలకూ పంపితే ఒక మాట. చాలాచోట్ల రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు నిలువు వరుసలు, పట్టికలు, నైపుణ్యానికి చుక్కలు పెట్టిన బొమ్మలు ఉంటే అక్షరాలు కలగాపులగం అవుతాయి. పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. అక్కడ వరుసగా చదవగలిగితే చాలావరకు ఇబ్బంది ఉండదు. సీజీపీఏ రాయండి, లేకపోతే ఐదు కన్నా తక్కువనుకుంటారు. పాసైపోయిన పేపరు గురించి రెజ్యూమెలో అక్కర్లేదు, దరఖాస్తులో అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పట్టరవాక్కం లోకల్:
చిన్న యూనిట్లలో ఆ మెయిళ్లు తెరిచేవారు ఎవరు బాబూ? ఎస్టేట్ దగ్గరి పట్టరవాక్కం స్టేషన్‌లో దిగి, ప్రింట్లు, కాలేజీ లేఖ పట్టుకుని గేటు గేటుకూ నడు. నాకు అలాగే దొరికింది, ఏడో గేటు దగ్గర. షిఫ్టు మారే వేళ మాత్రం వెళ్లకు.

వేరుశనగ కుర్రాడు:
రికార్డు పుస్తకం తీసి చూశాను. పది కిలోల కాయ వేస్తే 400 గ్రాములు ఒలవలేదు. గింజ 6.7 కిలోలు, అందులో 800 గ్రాములు పగిలింది. అంటే ఒలిచింది 96 శాతం, పగిలింది 12 శాతం. 95 అని మొదట రాసింది ఎవరో నలుగురిలో ఎవరికీ గుర్తులేదు. రెజ్యూమె ఒక్క పేజీకి వచ్చింది. మంగళవారం పట్టరవాక్కంలో దిగుతున్నాను.

తెనాలి అక్క:
బూట్లు వేసుకుని వెళ్లు. చెప్పులతో వెళితే యంత్రాలున్న షెడ్డులోకి రానివ్వరు.