సెక్షన్ 8 వోచర్ ఉన్నవాళ్లకు ఇల్లు అద్దెకివ్వచ్చా?

ప్రశ్న:
నమస్కారమండీ. ఒహాయోలో మాకో డూప్లెక్స్ ఉంది, కింది వాటా ఖాళీ అయింది. ఇద్దరు పిల్లలున్న ఒకావిడ అడిగారు, సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) ఉందట. మాట్లాడితే మంచిమనిషిలా అనిపించారు. తెలిసినవాళ్లేమో వద్దంటున్నారు. అద్దె సరిగా వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఆరేళ్లుగా ఇస్తున్నానండీ. సాధారణంగా కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెగా కడుతుంది, మిగతా అద్దె స్థానిక హౌసింగ్ ఏజెన్సీ నేరుగా మీకే పంపుతుంది. నాకు మొదటి చెల్లింపు రావడానికి రెండు నెలలు పట్టింది, తర్వాత ఎప్పుడూ ఆగలేదు. అసలు పని ఏజెన్సీ తరఫున ఇల్లు చూసే ఇన్‌స్పెక్షన్. మాకు స్మోక్ డిటెక్టర్ పనిచేయక, మెట్ల రెయిలింగ్ వదులుగా ఉండి మొదటిసారి ఫెయిలయింది. పాసయ్యాకే మళ్లీ కాగితాలు కదిలాయి. ముందే ఒకసారి ఇల్లంతా చూసుకోండి.
ఇంకో మాట. ఒప్పుకున్న అద్దెకు మించి ఆమె దగ్గర విడిగా డాలరు కూడా తీసుకోకండి, అది నిబంధనలకు విరుద్ధం.

మరో జవాబు:
మనిషి ఎలాంటివారో చూసుకునే బాధ్యత మనదే, ఏజెన్సీ హామీ ఇవ్వదు. పాత ఇంటి ఓనర్‌కు ఫోన్ చేయండి. మిగతావాళ్లను ఏం అడుగుతారో ఆమెనూ అవే అడగండి. వోచర్ ఉందన్న కారణంతోనే కాదనడం చాలా రాష్ట్రాల్లో, కొన్ని నగరాల్లో చట్టవిరుద్ధం. మీ ఊరి రూల్ కనుక్కోండి.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. రేపే రెయిలింగ్ చూస్తాను, ఆవిడకు ఫోన్ చేస్తాను.