ప్రాగ్‌లో కూల్చిన స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టడం సరైనదేనా?

బాటసారి:
పోయిన సెప్టెంబర్‌లో చెక్ రాజధాని ప్రాగ్ వెళ్ళొచ్చాం. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో మేరీమాత స్తంభం చూసి ఎంత పాతదో అనుకున్నాను. 1650 నాటి అసలు స్తంభాన్ని 1918 నవంబర్ 3న జనం కూల్చేశారని, ఇది 2020లో పెట్టిన కాపీ అని గైడ్ చెప్పాడు. నాకైతే ఆ చోటు ఖాళీగానే ఉంచాల్సింది అనిపించింది.

కూల్చినవాళ్ళ కోపానికి కారణం ఉంది. స్తంభం కట్టించింది అప్పట్లో ఆ దేశాన్ని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మూడో ఫెర్డినాండ్. అదే వంశం మీద తిరగబడ్డ 27 మందిని 1621 జూన్ 21న ఇదే స్క్వేర్‌లో చంపించారు. పాత టౌన్ హాల్ పక్కన నేల మీద 27 తెల్ల శిలువలు ఉన్నాయి. జనం తొక్కుకుంటూ పోతున్నారు. మా అబ్బాయి మాత్రం విషయం తెలిశాక వాటి మీద కాలు పెట్టలేదు. 1918 అక్టోబర్ 28న ఆ వంశపు పాలన పోయి చెకోస్లోవేకియాకు స్వతంత్రం వచ్చింది, వారం తిరగకుండా స్తంభం పడింది. అది కూడా చరిత్రే కదా? దాన్ని చెరిపేసినట్టు కాలేదా?

శిలాక్షరి:
కోపం నిజమేనండీ, కానీ అది తప్పు రాయి మీద పడింది. ఆ స్తంభం 27 మందిని చంపించిన గుర్తుగా కట్టింది కాదు. 1648లో స్వీడన్ సైన్యం కోటను, నదికి అవతలి ఒడ్డును పట్టుకుంది. చార్లెస్ బ్రిడ్జి దాటకుండా అడ్డుకున్నది ఊరి జనం, విద్యార్థులు. పాత బస్తీ దక్కినందుకు మేరీమాతకు కృతజ్ఞతగా నిలబెట్టారు. చక్రవర్తి పేరు చూసి ఆ పోరాడినవాళ్ళను మర్చిపోతే ఎలా?

కాపీ అంటారా, అదే బ్రిడ్జి మీద ఉన్న 30 విగ్రహాల్లో చాలావరకు కాపీలే. ఎండా వానా తినేస్తుంటే అసలువి తీసి లోపల భద్రపరిచారు. వాటి ముందు ఫొటో దిగనివాళ్ళు ఎవరు?

ఇంకో సంగతి. స్క్వేర్‌లో నేల మీద ఇత్తడి గీత చూశారా? ఒకప్పుడు స్తంభం నీడ దాని మీద పడితే ప్రాగ్‌లో మిట్టమధ్యాహ్నం. స్తంభం పోయాక నూరేళ్ళు ఆ గీతకు నీడ లేదు.

మజిలీ:
ఇది మనం తేల్చేది కాదు. అక్కడి నగర మండలే 2017లో వద్దంది, 2020 జనవరిలో సరేనంది. ఆ ఊరివాళ్ళలో ఇప్పటికీ రెండు వర్గాలు.

బాటసారి:
శిలాక్షరి గారూ, 1648 సంగతి నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. గీత చూశాం, ఏంటో తెలియక దాటేశాం. వాళ్ళకది వేసవి టైమ్, అంటే నీడ పడేది ఒంటిగంట ప్రాంతంలో. అప్పుడు మేం భోజనానికి వెళ్ళాం.

కాపీ అన్నందుకు కాదండీ నా బాధ. బ్రిడ్జి మీద విగ్రహాలను కాపాడటానికి తీశారు, దీన్ని జనం కూల్చారు. రెండూ ఒకటి కాదు. విరిగిన అసలు ముక్కలు మ్యూజియంలో ఉన్నాయట. వాటిలో ఒక్కటైనా ఆ స్తంభం కిందే పెట్టి ఉంటే నాకు ఈ అభ్యంతరం ఉండేది కాదు. గైడ్ లేకపోతే మేం దాన్ని 1650 నుంచి కదలకుండా నిలబడ్డ స్తంభం అనుకునే తిరిగొచ్చేవాళ్ళం.