నీటి సాఫ్ట్‌నర్‌ను కడిగిన ఉప్పునీటిని ఎక్కడికి వదలాలి?

హైదరాబాదు శివారులోని మా ఇంటికి బోరు నీరే ఆధారం. పరీక్ష చేయిస్తే మొత్తం కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు), కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 640 మిల్లీగ్రాములని తేలింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటికి 200 వరకు ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 దాకా అనుమతి ఉంది. గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు కడుతోంది. మరిగిస్తే బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం మాత్రమే పోతుందనీ, సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది మిగిలిపోతుందనీ తెలుసు కాబట్టి, రెసిన్ అనే సన్నని పూసలతో నీటి కాఠిన్యాన్ని తగ్గించే పరికరం, అంటే సాఫ్ట్‌నర్, పెట్టించాలనుకుంటున్నాం. పైపుకు అయస్కాంతం బిగిస్తే చాలన్న అమ్మకందారుల మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నన్ను వేధిస్తున్న సందేహం వేరు. రెసిన్ పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియాలను వదిలించడానికి దాన్ని తరచూ ఉప్పునీటితో కడగాలి కదా, ఆ కడిగిన నీరు మా ఇంకుడు గుంతలోకి వెళితే చివరికి మళ్లీ బోరులోకే చేరదా? మా వీధికి భూగర్భ డ్రైనేజీ ఇంకా రాలేదు. పెరట్లోకి వదులుదామంటే కరివేపాకు చెట్టు, కూరగాయల మడులు ఉన్నాయి. ఇంటి మొత్తానికి కాకుండా గీజరు, వాషింగ్ మెషీన్ల లైనుకే పెడితే ఉప్పు వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గుతుందా? డ్రైనేజీ లేని చోట సాఫ్ట్‌నర్ వాడుతున్నవారు ఆ నీటిని ఎలా వదిలించుకుంటున్నారో దయచేసి తెలియజేయగలరు.