‘ఎక్కుపెట్టు’: వింటికా, ఫిరంగికా? (మాట్లాడేవారికి చెన్నై పేటల పేర్లు)

ఆవడి: యుద్ధట్యాంకు గన్నర్లకు శిక్షణనిచ్చే సిమ్యులేటర్ల మీద వ్యాసం రాస్తున్నాను. ‘గన్నరు ఫిరంగిని ఎక్కుపెట్టి’ అనగానే, రాముడు శివుని విల్లు ఎత్తే వేళ మొల్ల రామాయణంలో వచ్చే పద్యం చివర ‘ఈశుని చాప మెక్కిడెన్’ గుర్తుకొచ్చి ఆగిపోయాను. అక్కడ ఎక్కిడడమంటే నారి తగిలించడమే కదా. నారి లేని ఫిరంగికి ఆ క్రియ చెల్లుతుందా?

మైలాపూరు: అయ్యా, అది ‘ఎక్కిడెన్’ కాదు, ‘ఎక్కిడున్’. చంపకమాల పాదాంతంలో రెండూ ఇముడుతాయి కాబట్టి చాలామంది తడబడతారు. ‘కదలకుమీ ధరాతలమ’ అని భూమిని హెచ్చరించే వేళకు విల్లింకా వంగనే లేదు, జరగబోయేదానికి భూతకాలమెందుకు? ఇక నారి ఎక్కిడడం, బాణం తొడగడం, గురిచూడడం, విడవడం దేనికదే వేరు. గురిచూడడాన్ని ఎక్కుపెట్టడమనడం పత్రికల అలవాటు, నేను ఒప్పుకోను.

అంబత్తూరు: మాస్టారూ, ఫిరంగి పని చూస్తే ఆ మాటే తగినదనిపిస్తుంది. గన్నరు గురిచూసే దుర్భిణి (సైటు)లోని గీతను లక్ష్యం మీద నిలిపి లేజరుతో దూరం కొలవగానే, కంప్యూటరు ఆ దూరాన్ని, గుండు రకాన్ని, అడ్డగాలిని, పేలుడు మందు ఉష్ణోగ్రతను లెక్కగట్టి, గొట్టాన్ని చూపురేఖకన్నా కాస్త పైకెత్తుతుంది. సిమ్యులేటరులో గుండు పేలకపోయినా ఈ లెక్క తప్పితే శిక్షణే తప్పుతుంది. గొట్టాన్ని పైకి ఎక్కించి పెట్టడం ఎక్కుపెట్టడం కాదా?

మైలాపూరు: పైకెత్తడానికి ‘ఎత్తు’ ఉండగా ‘ఎక్కు’ను అంత దూరం లాగనక్కరలేదు. గూఢశబ్దాలు కూర్చిన కావ్యం ‘మూఁగచెవిటివారి ముచ్చట’ అన్న కవయిత్రి మొల్ల. ఆమె ‘ఎక్కిడు’ వాడిందంటే ఆనాడు అందరికీ తెలిసిన అర్థంలోనే వాడి ఉంటుంది. ఆ తేటదనం కోసమే ఆమెను మళ్ళీ మళ్ళీ చదువుతాను.

వేళచ్చేరి: రైఫిలు సిమ్యులేటరులో చూపురేఖకూ గొట్టానికీ ఉన్న తేడా ఇంకా స్పష్టం. గదిలోని తెర మీద లేజరు చుక్క గొట్టం చూపిన చోటే తిన్నగా పడుతుంది. సెకనుకు 900 మీటర్ల వేగంతో వెళ్ళే తూటా మాత్రం, గాలి నిరోధాన్ని వదిలేసినా, 300 మీటర్లు చేరడానికి సెకనులో మూడోవంతు తీసుకుని, ఆలోపు గొట్టం చూపిన రేఖకు అర మీటరుకు పైగా కిందికి దిగుతుంది. నిజంలో గాలి దాన్ని నిదానింపజేస్తుంది కాబట్టి ఇంకా దిగుతుంది. కెమెరా పట్టిన చుక్క నుంచి ఆ దిగుడును లెక్కించి, తూటా పడే చోటును కంప్యూటరు చూపాలి. కంటి చూపుకు ‘గురిపెట్టు’, గొట్టానికి ‘ఎక్కుపెట్టు’ అని రెండింటినీ విడదీసి వాడుకుందాం.

ఆవడి: ఆ విభజన నా వ్యాసానికి బాగా పనికొస్తుంది.

మైలాపూరు: పనికిరావడం వేరు, ప్రమాణం వేరు. తుపాకికి ‘ఎక్కుపెట్టు’ అన్న పాత వచన ప్రయోగం ఒక్కటైనా ముందు చూపించండి. ‘ఎక్కిడెన్’ అని ఏ ముద్రణలో చదివారో కూడా చెప్పండి.