పిల్లల పళ్ళ వరస చూడడం చిన్నపిల్లల డాక్టరు పనేనా?

అలిపిరి_పీడియా
తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలను చూసే డాక్టర్లందరికీ ఈ ప్రశ్న. ఏడేళ్లు వచ్చేసరికి ప్రతి పిల్లనూ ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టరుకు, చూపించాలని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. ఇక్కడి పళ్ళ డాక్టర్లు అదే పట్టుకుని "మీ దగ్గరికొచ్చిన పిల్లల నోరు చూసి మాకు పంపండి" అంటున్నారు. నేను ఒప్పుకోను. ఓపీలో ఒక్కో పిల్లకు దక్కేది నాలుగైదు నిమిషాలు. బరువు, ఎత్తు, టీకా కార్డు, దగ్గు, తల్లి సందేహాలు, అన్నీ అందులోనే. పళ్ళ వరస గురించి ఎంబీబీఎస్‌లో గానీ పీజీలో గానీ మనకు చెప్పింది అంతంతమాత్రం. చేతకాని పరీక్ష చేస్తే ఏమీ లేని పిల్ల తండ్రికి క్లిప్పుల ఖర్చు భయం పట్టుకుంటుంది, నిజంగా తేడా ఉన్న పిల్ల మన కళ్ళముందే దాటిపోతుంది. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి.

నీవా_ఆర్థో
సార్, కొలతలు తీయమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. పిల్ల ఎలాగూ మీ దగ్గరికొచ్చే వయసులు రెండున్నాయి: 5-6 ఏళ్లకు డీపీటీ టీకా రెండో బూస్టరు, 10 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా). ఆ రెండుసార్లు చూస్తే చాలు. గొంతు చూడ్డానికి టార్చి, చెక్కపుల్ల ఎలాగూ చేతిలో ఉంటాయి. "ఆ" అనిపించడానికి ముందు పళ్ళు కరిపించండి, అంతే తేడా. నోరు తెరిస్తే పుచ్చు కనబడుతుంది, పై పళ్ళు కింది పళ్ళు కలిసే తీరు కనబడదు.

ఊరికే "కొరుకు" అంటే చాలామంది పిల్లలు కింది దవడను ముందుకు తోసి చూపిస్తారు. నాలుక కొసను అంగిలి మీద వెనక్కి మడిచి పెట్టుకుని, అలాగే దవడ పళ్ళు కలపమనాలి. అప్పుడు చెక్కపుల్లతో కుడి బుగ్గ, ఎడమ బుగ్గ పక్కకు లాగి చూడండి. పై పళ్ళ వరస చుట్టూతా కింది వరసకు బయట ఉండాలి. ముందు పన్ను ఒక్కటైనా లోపలికి పడినా, ఒక పక్క పై దవడ పళ్ళు లోపలికి దిగినా అది క్రాస్‌బైట్. ఒకపక్కే ఉంటే గడ్డాన్ని గమనించండి. నోరు తెరిచినప్పుడు నడిమధ్యన ఉన్న గడ్డం, మూసేసరికి పక్కకు జారుతుంది. పై దవడ ఇరుకై, పళ్ళు సరిగా కలవడానికి పిల్ల కింది దవడను పక్కకు జరుపుకుంటోందన్నమాట. అలాగే పెరగనిస్తే ముఖం ఒకవైపుకు పెరిగే ప్రమాదం ఉంది. అంగిలి నడిమి అతుకు గట్టిపడకముందు, అంటే ఈడు రాకముందు, పై దవడను వెడల్పు చేయడం తేలిక.

ఇంకోటి. ఐదేళ్ల పిల్లకు పాలపళ్ళ మధ్య సందులుంటే తల్లులు దిగులు పడతారు. దిగులు పడాల్సింది సందులు లేనప్పుడు. తర్వాత వచ్చే శాశ్వత ముందుపళ్ళు పాలపళ్ళకన్నా వెడల్పు, వాటికి చోటు ఆ సందుల్లోంచే రావాలి.

అలిపిరి_పీడియా
క్రాస్‌బైట్ సంగతి సరే. నా అభ్యంతరం "ఏడేళ్లకు అందరినీ" అన్న మాట మీద. ఎత్తుపళ్ళకు ముందుగా ఒక దశ, టీనేజీలో ఇంకో దశ వైద్యం చేసినా, టీనేజీలో ఒక్కసారే చేసినా చివరి ఫలితంలో పెద్ద తేడా లేదని, పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షే తేల్చింది. ముందుగా చేస్తే కలిసొచ్చేది ఒకటే, కిందపడి ముందుపళ్ళు విరగడం తగ్గుతుంది. అలాంటప్పుడు రెండో తరగతి పిల్లను ఎందుకు తిప్పించాలి?

నీవా_ఆర్థో
ఎత్తుపళ్ళ వరకు మీతో ఏకీభవిస్తాను. పై పళ్ళు 6 మిల్లీమీటర్లకు మించి ముందుకున్నా, పెదవులు కలిపినా పళ్ళు బయటే ఉన్నా, బడిలో ఏడిపిస్తున్నారని పిల్ల బాధపడుతున్నా ముందే పంపండి. మిగతా వాళ్ళకు తొందర లేదు. కింది దవడను ముందుకు తెచ్చే ట్విన్‌బ్లాక్ లాంటి తీసిపెట్టుకునే పరికరం పనిచేసేది పిల్ల ఒక్కసారిగా పొడుగెదిగే కాలంలో. ఆడపిల్లలకు సుమారు 10-12 ఏళ్లు, మగపిల్లలకు 12-14. మొదటి నెలసరి వచ్చిందంటే ఎదుగుదల ఉధృతి అప్పటికే దాటింది. ఆరు నెలలకోసారి ఎత్తు రాసిన కార్డు ఎవరి దగ్గరుంటుంది? మీ దగ్గర. మా దగ్గరకు పిల్ల వచ్చేది ఆ ఒక్కరోజే, ఎదుగుతోందో ఆగిందో మాకు ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. ఎత్తు గీత పైకి లేస్తున్నప్పుడు మీరు పంపే చీటీ మాకు ఎక్స్‌రేకన్నా ఎక్కువ పనికొస్తుంది.

కింది దవడ ముందుకుంటే లెక్క తిరగబడుతుంది. పై దవడను ముందుకు లాగే ఫేస్‌మాస్క్ పదేళ్లలోపు బాగా పనిచేస్తుంది. "పెద్దయ్యాక చూద్దాం" అంటే మిగిలేది పద్దెనిమిదేళ్లు దాటాక దవడ ఆపరేషనే కావచ్చు. ఆ పిల్లను మాత్రం ఏడెనిమిదికే పంపాలి.

రేణిగుంట_ఈఎన్‌టీ
ఇద్దరూ ముక్కును వదిలేశారు. గురక, నోరు తెరిచి నిద్ర, పొద్దున లేవగానే ఎండిన పెదాలు, చదువులో మందకొడితనం, ఇవన్నీ తల్లి చెప్పేది చిన్నపిల్లల డాక్టరుకే, పళ్ళ డాక్టరుకు కాదు. ఎడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే మెత్తటి కండ) పెరిగి ముక్కు మూసుకుపోతే పిల్ల నోటితో ఊపిరి తీస్తుంది. అప్పుడు నాలుక అంగిలికి ఆనకుండా కిందికి దిగిపోతుంది. లోపలినుంచి నాలుక ఆసరా తప్పి, బయటినుంచి బుగ్గల ఒత్తిడి ఉండేసరికి పై వరస ఇరుకై అంగిలి గోపురంలా లేస్తుంది.

పెదాలు తెరిచున్న ప్రతి పిల్లా నోటితో ఊపిరి తీస్తున్నట్టు కాదు. గుక్కెడు నీళ్లు నోట్లో పోసి మింగకుండా ఒకటి రెండు నిమిషాలు పట్టమనండి. హాయిగా పట్టిందంటే ముక్కు పనిచేస్తోంది. పట్టలేక ఉమ్మేస్తే ముక్కు చూడాలి, ఎలర్జీ జలుబు ముందు, ఎడినాయిడ్ తర్వాత. వరస ముఖ్యం. మూసుకుపోయిన ముక్కున్న పిల్ల నోట్లో పరికరం పెడితే రాత్రికే తీసి పారేస్తుంది, తప్పు పిల్ల మీద వేస్తారు. ఎడినాయిడ్ తీసేస్తే పళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయని చెప్పి పంపడమూ సరికాదు, అలాగే అంగిలి వెడల్పు చేస్తే గురక పోతుందని హామీ ఇవ్వడమూ సరికాదు.

పలమనేరు_ఎంఓ
ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) వైపునుంచి రెండు మాటలు. 2013లో మొదలైన ఈ పథకం ప్రకారం ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం అంగన్వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్తుంది. చూడాల్సిన 30 సమస్యల పట్టికలో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. ఆచరణలో కార్డు మీద పడేది "పుచ్చు" ఒక్కటే. ఏడేళ్లకు టీకా ఏదీ లేదు గనుక ఆ వయసులో పిల్లను చూసే అవకాశం బడి బృందానికే ఉంది.

చూశాక ఏం చేయాలి, అదీ చెప్పండి. ఏరియా ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు పీకుతారు, సిమెంటు పెడతారు. క్లిప్పులంటే మన రాష్ట్రంలో ప్రభుత్వం వైపు దగ్గరలో ఉన్నది కడప దంత వైద్య కళాశాల. క్లిప్పులు వేశాక ఏడాదిన్నర, రెండేళ్లపాటు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పోవాలి. పలమనేరు నుంచి కూలికి పోయే తండ్రి పోగలడా? దారి చూపకుండా జబ్బు పేరు చెప్పి పంపడం నాకు నచ్చదు.

కపిలతీర్థం_డెంట్
సార్, ముందుగా పట్టుకున్న వాటిలో చాలావాటికి క్లిప్పులే అవసరం లేదు. మీ ఏరియా ఆసుపత్రి డాక్టరుతోనో, ఊళ్ళో బీడీఎస్‌తోనో అయ్యేవే. రెండో పాలదవడ పన్ను తీసుకోండి. పదకొండేళ్ల దాకా ఉండాల్సిన పన్ను అది. ఆరేళ్లకే పుచ్చి, బుగ్గ వాచి, మూడుసార్లు యాంటీబయాటిక్ రాయించుకుని చివరికి "ఊడిపోయే పన్నే గదా" అని పీకించేస్తారు. దాని వెనక అప్పుడే వచ్చిన శాశ్వత దవడ పన్ను ముందుకు ఒరిగి చోటు మింగేస్తుంది. జరిగే నష్టంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే. పీకిన పన్ను చోట రావాల్సిన కొత్త పన్నుకు దారి మూసుకుపోతుంది. బ్యాండుకు (పన్నుకు తొడిగే లోహపు పట్టీకి) ఒక తీగ లూపు అతికించిన స్పేస్ మెయింటెయినర్ పెడితే ఆ చోటు నిలుస్తుంది. అది ఖరీదైన వైద్యమేమీ కాదు. అన్నిటికన్నా మేలు, రెండో యాంటీబయాటిక్ రాసే ముందే పన్ను లోపల శుభ్రం చేయించి నిలబెట్టడం. అక్కడ కలం ఫిజీషియన్ చేతిలో ఉంది.

అనవసరంగా పంపకూడనివీ చెప్పాలి. ఏడెనిమిదేళ్లప్పుడు పై ముందుపళ్ళు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో సందు ఉంటుంది. కోరపళ్ళు దిగేసరికి చాలామందికి అది మూసుకుంటుంది, వదిలేయండి. కింద పాలపళ్ళ వెనక కొత్త పళ్ళు రెండో వరసగా మొలిస్తే, పాలపన్ను కదులుతుంటే చాలు, అది ఊడాక నాలుక కొత్తదాన్ని ముందుకు తోస్తుంది. వేలు చప్పరించడం నాలుగేళ్ల దాకా చూసీచూడనట్టు ఉండొచ్చు. శాశ్వత ముందుపళ్ళు వచ్చాక కూడా మానకపోతే ముందు పళ్ళు కలవకుండా ఖాళీ ఉండిపోతుంది.

చీటీ మీద "క్లిప్పులు కావాలి" అని రాయకండి. ఏ పక్క, ఏం చూశారు, వయసెంత, ఎత్తు ఎలా పెరుగుతోంది, అంతే. గుండె ఆపరేషన్ అయిన పిల్లయితే తప్పకుండా రాయండి. మన ఊళ్ళో శ్రీ పద్మావతి హృదయాలయం మొదలయ్యాక అలాంటి పిల్లలు మా కుర్చీల్లోకి ఎక్కువే వస్తున్నారు. కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళకు, సరిచేయని నీలి గుండెజబ్బు (ఒళ్ళు నీలంగా మారే పుట్టు గుండెజబ్బు) ఉన్నవాళ్ళకు చిగురు తగిలేలా బ్యాండు ఎక్కించే ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. అది తల్లి నోటి మాట మీద నిర్ణయించేది కాదు.

అలిపిరి_పీడియా
ఎత్తు కార్డు, యాంటీబయాటిక్, ముక్కు, ఈ మూడూ మన పరిధిలోవే, వాటితో పేచీ లేదు. ఏడేళ్లకు అందరినీ పంపమంటే మాత్రం ఇప్పటికీ కాదనే అంటాను. బడి క్యాంపుల్లో ప్రతి పిల్ల చేతిలో ఒక చీటీ పెట్టి పంపడం వల్లే తల్లిదండ్రులు నిజమైన చీటీని కూడా చింపేస్తున్నారు. పదేళ్లకు ఏం చూడాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

నీవా_ఆర్థో
పై కోరపన్ను. అది దిగేది 11-12 ఏళ్లకు, కానీ 9-10కే పై పెదవి ఎత్తి, పాల కోరపన్నుకు పైన చిగురు మీద చూపుడు వేలు జరిపితే ఉబ్బు తగలాలి. ఒకపక్క తగిలి ఇంకోపక్క తగలకపోయినా, పదకొండు దగ్గరపడినా రెండుపక్కలా తగలకపోయినా ఎక్స్‌రే కావాలి. అంగిలివైపు దారి తప్పిన కోరపన్ను పక్క పన్ను వేరును అరగదీస్తుంది. ఆ వయసులో పాల కోరపన్ను పీకేస్తే చాలాసార్లు అసలుది దారికి వస్తుంది. పదిహేనేళ్లకు తెలిస్తే చిగురు కోసి, గొలుసు అతికించి, నెలల తరబడి లాగాలి.

పలమనేరు_ఎంఓ
మీరు మర్చిపోయిన సంగతొకటుంది. సర్కారు బళ్ళలో పదేళ్ల టీడీ వేసేది ఏఎన్ఎం, అదీ ఐదో తరగతి గదిలో. డాక్టరు కంట పడేది ప్రైవేటు క్లినిక్కుకు వచ్చే పిల్లలే. ఒకే ఉదయం వంద నోళ్ళలో వేలు పెట్టాలంటే వంద జతల గ్లవ్స్ కావాలి, అన్ని మాకు రావు.

నీవా_ఆర్థో
అయితే వేలు పెట్టకుండానే చూడండి. పిల్ల చేతే పెదవి ఎత్తించండి. ఒకపక్క పాల కోరపన్ను ఊడిపోయి, రెండోపక్కది గట్టిగా నిలబడి ఆరు నెలలు దాటిందా? కోరపన్నుకు ముందున్న చిన్న పన్ను ఒకపక్కే వంకరగా ఒరిగిందా, లేక అసలు రానేలేదా? ఈ మూడింటిలో ఒకటి కనబడినా ఏరియా ఆసుపత్రికి రాయండి, చిన్న ఎక్స్‌రే అక్కడే తీయొచ్చు. కడప సంగతి ఆ ఫిల్ము చూశాక ఆలోచించొచ్చు.