విమోచనమా, విలీనమా? ఒకసారి విభక్తి పెట్టి చూడండి

మొన్న ఒక తమ్ముడు ఇక్కడ అడిగిన ప్రశ్న చిన్నదే. "సెప్టెంబర్ 17ని తెలుగులో ఏమనాలి? విమోచన దినమా, విలీన దినమా?" 1948లో భారత సైన్యం దిగాక నిజాం ఏలిన హైదరాబాద్ రాజ్యం యూనియన్‌లో కలిసిన రోజది. పొద్దున లేచి చూసేసరికి కామెంట్లు పేరుకుపోయి ఉన్నాయి. భాష గురించి మాట్లాడినవాళ్లు నలుగురు. మిగతావాళ్లు ఎవరి తాత దొర, ఎవరి తాత రజాకార్ (నిజాం పక్షాన ఆయుధం పట్టినవాడు) అని తేల్చుకునే పనిలో పడ్డారు. అడ్మిన్ గారు ఆ పోస్టు మూసేశారు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు. నేను మళ్లీ తెరుస్తున్నాను. ముందు వ్యాకరణం, పార్టీ సంగతి తర్వాత.

విమోచన అన్నారనుకోండి, చెవి వెంటనే "నుంచి" కోసం చూస్తుంది. శాపం నుంచి, అప్పు నుంచి... ఇక్కడ నిజాం నుంచి. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో ఉత్సవం చేసింది ఈ మాటతోనే, 2024లో గెజిట్‌కూ ఎక్కించింది. మాటలో బలం ఉంది, కాదనను. పీడ ఉంటే తప్ప విమోచన ఉండదు, పీడ ఉంది కూడా. బైరాన్‌పల్లి బురుజు ఇంకా అక్కడే ఉంది, 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊళ్లో జనాన్ని ఎలా చంపాయో చెప్పడానికి. కానీ చిక్కు ఆ "నుంచి" దగ్గరే. ఎవరి నుంచి విడిపించారో ఆ ఉస్మాన్ అలీఖానే 1950 జనవరి 26 నుంచి హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి. శాపం పెట్టిన మునికే ఆశ్రమం రాసిచ్చినట్టు.

విలీనానికి "లో" కావాలి. యూనియన్‌లో విలీనం. "లీ" ధాతువుకు కరగడం అని అర్థం, నీళ్లలో ఉప్పులాగ. కాంగ్రెస్ వాళ్లకు, సీపీఐ వాళ్లకు చాలాకాలంగా అలవాటైన మాట. గొడవ లేని మాట, దాని లోపమూ అదే. మధ్యలో మనుషులు చచ్చిపోయారన్న సంగతి ఇందులో ఎక్కడా తగలదు.

విద్రోహం "ఎవరికి" అని అడుగుతుంది. కొన్ని విప్లవ వర్గాల కరపత్రాల్లో విద్రోహ దినం అనే ఉంటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు చనిపోయినప్పటి నుంచి దొరల మీద, నిజాం మీద పోరాడిన రైతుల మీదికే ఆ తర్వాత అదే యూనియన్ సైన్యం తిరిగింది, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా. వాళ్ల "కు" అక్కణ్నుంచి వచ్చింది.

ఇక సమైక్యత, దీనికి "తో". 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం "తెలంగాణ జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు" అని చేసింది. సమైక్యాంధ్ర అన్న మాట వింటేనే మండిపడిన పార్టీ, పదేళ్లు తిరక్కుండానే అదే "సమైక్య"ను ఏరి తెచ్చుకుంది చూశారా! 2024లో వచ్చిన "ప్రజాపాలన దినోత్సవం" మరీ విచిత్రం. షష్ఠీ తత్పురుషమే, కానీ ప్రజలు పాలించడమా, ప్రజలను పాలించడమా? పాత వాడుకలో ప్రజాపాలన రాజు చేసే పని.

(లో, కు రెండూ మన పాత వ్యాకరణంలో షష్ఠి కిందికే వస్తాయని నాకూ తెలుసు, పండితులు ఆగ్రహించవద్దు.)

డల్లాస్ నుంచి మేనల్లుడు:
మామయ్యా, ఒక విభక్తి వదిలేశారు. "చేత". ఇన్ని మాటల్లో ఒక్కటైనా ఎవరి చేత జరిగిందో చెప్పిందా? అన్నిటికంటే పెద్ద ఉదాహరణ మీరు ముట్టుకోనేలేదు, "పోలీసు చర్య". సెప్టెంబర్ 13న దిగింది సైన్యం, ట్యాంకులతో. నడిపించింది మేజర్ జనరల్ చౌధురి. ఇందులో పోలీసులెక్కడ? నా ఉద్దేశంలో రాజ్యం చేస్తే చర్య, ఊళ్లోవాడు చేస్తే హింస. నిజాం రాజ్యమైనా, నెహ్రూ రాజ్యమైనా, రేపు ఎర్రజెండా రాజ్యమైనా మాటలు ఇలాగే పుడతాయి.

దానికి నా జవాబు:
వీడు స్వేచ్ఛావాది, పన్ను కట్టడం కూడా హింసే అంటాడు. అయినా "చేత" సంగతి ఒప్పుకుంటున్నాను. నిజాం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పెట్టి ఉన్నాడు, యుద్ధం అంటే రెండు దేశాల మధ్య అవుతుంది. "పోలీసు" అంటే ఇంటి వ్యవహారం. ఆ ఒక్క మాటలో ఢిల్లీ వాదన అంతా ఉంది. కానీ ఒరేయ్, రాజ్యం లేకపోతే హింస ఉండదన్నట్టు మాట్లాడకు. కొమరయ్య ఊరి మీద పెత్తనం చేసిన విసునూరు దొర గడీకి ఏ భద్రతా మండలీ లేదు.

హన్మకొండ నుంచి అక్కయ్య, తెలుగు పంతులమ్మ:
రజాకార్ అంటే అర్థం తెలుసా మీకు? "రజా" అంటే ఇష్టం, సమ్మతి. "కార్" అంటే చేసేవాడు. తన ఇష్టంతో ముందుకొచ్చినవాడు, స్వచ్ఛంద సేవకుడు! అదే ఊళ్లో ఇష్టం లేకుండా చేసే పనికి పేరు వెట్టి. డల్లాస్ అబ్బాయి స్వేచ్ఛ గురించి చెప్తుంటే నాకు ఈ రెండు మాటలే పక్కపక్కన కనిపించాయి. బంగ్లాదేశ్‌లోనూ 1971 నుంచి రజాకార్ అంటే తిట్టు. 2024లో అక్కడి విద్యార్థులు ఆ తిట్టునే తిప్పి నినాదం చేసుకున్నారు.

బీదర్ నుంచి ఒక అన్న:
మా దగ్గర కన్నడంలో విమోచనే, అవతల మరాఠ్వాడాలో ముక్తిసంగ్రామం. ఉర్దూలో మాత్రం సుకూత్-ఎ-హైదరాబాద్, అంటే హైదరాబాద్ పతనం. మా వీధిలో రెండు మాటలూ వినిపిస్తాయి, ఒకరి ముందు ఒకరు అనుకోరు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా వేసింది, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. బైరాన్‌పల్లి లెక్క చెప్పేవారు ఇది చెప్పరు, ఇది చెప్పేవారు బైరాన్‌పల్లి పేరెత్తరు. దీనికి ఏ విభక్తి పెడతారు సార్?

మళ్లీ నేనే:
అన్నా, నా దగ్గర లేదు. మా నాయనమ్మ ఏమనేదో చెప్పి ఊరుకుంటాను. ఆమెకు విమోచనా తెలియదు, విలీనమూ తెలియదు. మూడు కాలాలు చెప్పేది: రజాకార్ల యాళ్ల, సంగపోళ్ల (పోరాడిన సంఘం వాళ్ల) యాళ్ల, మిలిట్రీ యాళ్ల. మూడింటికీ క్రియ ఒక్కటే, "వచ్చిన్రు". తలుపు కొట్టిన చప్పుడు బట్టి ఎవరో తెలిసేదట. "వచ్చినోళ్లు పోయినంక గంపల కింద కోళ్లెన్నున్నయో చూసుకునేటోళ్లం" అనేది.