ధవళేశ్వరం ఆనకట్టని ‘ఫీట్’ (feat) అనొచ్చా?

కోనసీమ కుర్రోడు:
మా ఊరి లైబ్రరీలో కాటన్ దొర బోర్డు మీద ‘గొప్ప ఇంజనీరింగ్ ఫీట్’ అని రాశారండి. సెంటర్లో ఒకటే గొడవ. కాలవ గట్టు మీద చేతులొదిలేసి బండి తోలేవాణ్ణి కదండీ ‘ఏంట్రా ఆ ఫీట్లు’ అని తిడతాం? అదే మాట దొరకి తగిలిస్తే ఎగతాళిలా లేదూ?

రాజోలు మాష్టారు:
ఎగతాళేం లేదు నాయనా. ఇంగ్లీషులో అది గౌరవమైన మాటే. చేసిన పని అనే అర్థమున్న లాటిన్ ‘ఫాక్టమ్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ‘ఫ్యాక్ట్’ది కూడా అదే పుట్టిల్లు. అయితే ప్రతి విజయాన్నీ ఫీట్ అనరు. డిగ్రీ పాసైతే అచీవ్‌మెంట్, అంతే. నేర్పో, బలమో, తెగువో కనిపించి ‘ఎలా చేశార్రా బాబూ’ అనిపించాలి. 1847లో మొదలెట్టి 1852కల్లా గోదారికి అడ్డం కట్టారు. అదీ ఒకే గోడ కాదు. మధ్యలో లంకలు, అందుకని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. ఇప్పటి సిమెంటా ఏమన్నానా? రాయీ, సున్నమూ. దీన్ని ఫీట్ అనకపోతే దేన్నంటారు? (మనం బస్సులో దాటేది ఆ ఆనకట్ట కాదు, తరవాత కట్టిన బ్యారేజీ. ఇది చాలామందికి తెలీదు.)

పాలకొల్లు బుల్లోడు:
మాష్టారూ, బోర్డు చదివేది ఇంగ్లీషోళ్ళు కాదు కదండీ. మా చంటోడు అది చూసి ‘ఎన్ని ఫీట్లు నాన్నా, ఎత్తా పొడుగా?’ అనడిగాడు. ఘనకార్యం అని రాస్తే పోలా?

అమలాపురం ఆడపడుచు:
ఘనకార్యమా! మా ఆయన పాలు పొంగించినప్పుడల్లా ‘చేశారులెండి ఘనకార్యం’ అంటాను. దానికీ అదే రోగం.
నా పేచీ వేరు. ఫీట్ అనగానే చేసినోడు ఒక్కడే కళ్ళముందుకొస్తాడు. దొర పక్కనే ఉండి పని నడిపించిన వీణెం వీరన్నగారేరీ? రాళ్ళు మోసిన వేలమంది కూలీలేరీ?

రాజోలు మాష్టారు:
వీరన్నగారి మాట ఒప్పుకుంటానమ్మా. పేరు చేర్చాల్సిందే. కానీ ఫీట్ పదిమంది కలిసి చేసినా ఫీటే. ఆ మాట తీసెయ్యక్కర్లేదు.

కోనసీమ కుర్రోడు:
ఆయ్, పెయింటరు రేపొస్తాడండి. ‘కాటన్, వీరన్న, వేలాది కూలీలు 1847–1852లో కట్టారు’ అని రాయించేస్తాను. ఫీట్ సంగతి మాష్టారూ, బుల్లోడూ తేల్చుకోండి.

పాలకొల్లు బుల్లోడు:
తేలేదాకా ఆ జాగా ఖాళీగా ఉంచమను.